ఐదు చుక్కల గోడ

మన రాష్ట్రంలో కరెంటును తినేస్తున్నది ఫ్యాన్లు కాదు, ఏసీలు కాదు, గోడలు. ప్రభుత్వం కనిపెట్టేదాకా ఈ సంగతి మనలో ఒక్కడికీ తెలియదు. గోడ సరిగ్గా ఉంటే లోపల చల్లగా ఉంటుంది. చల్లగా ఉంటే ఫ్యాను తిరగక్కర్లేదు. ఫ్యాను తిరగకపోతే కరెంటు మిగులుతుంది. ఇందులో తప్పేమీ లేదు, అక్షరం అక్షరం నిజం. భయపడాల్సింది అందుకే. అబద్ధం మీద లేచిన పథకం నాలుగు నెలల్లో తనంతట తానే కూలిపోతుంది. నిజాన్ని పట్టుకుని బయల్దేరిన మూర్ఖత్వాన్ని మాత్రం ఎవడూ ఆపలేడు.

ఆ నిజాన్ని అమలు చేయడానికి రాష్ట్ర బాహ్య గోడల సామర్థ్య మండలి పుట్టింది. మండలి ఆఫీసు రాజధానిలో అద్దాల మేడలో ఉంటుంది. దాని తొలి ఉత్తర్వు ప్రకారం ప్రతి ప్రభుత్వ భవనం బయటి గోడలకూ నక్షత్రాలు వేస్తారు. గోడ ఎంత వేడిని ఆపితే అన్ని నక్షత్రాలు. ఎండాకాలం గడిచేలోపు మూడు నక్షత్రాలు తెచ్చుకోలేని ఆస్పత్రి రోగులను చేర్చుకోకూడదు. మందు రాసి పంపొచ్చు గానీ మంచం ఇవ్వడానికి వీల్లేదు.

మా బట్టీలపాలెం సున్నపు బట్టీల ఊరు. గుట్టల్లో రాయి కొట్టడం, బట్టీలో కాల్చడం, లారీకెత్తడం, ఇదే పని. వేసవిలో మాకు రెండు ఎండలు. పైనుంచి సూర్యుడిది, పక్కనుంచి బట్టీలది. ప్రభుత్వాస్పత్రి పాతకాలపు కట్టడం. ఎత్తయిన గదులు, నిలువెత్తు కిటికీలు, ముందు ఆవరణలో రెండు వేపచెట్లు. కట్టించినవాడు ఎంత చదివాడో తెలియదు గానీ, చెమట పట్టే ఒళ్లున్నవాడని మాత్రం తెలుస్తుంది.

ఆ ఆస్పత్రిలో హెడ్ నర్సు ఎస్తేరమ్మ. కాన్పుల గది ఆమెది. డాక్టర్లు వస్తారు, బదిలీ చేయించుకుని పోతారు. ఎస్తేరమ్మ ఉంటుంది. అంతకుముందు ఒక ఏడు, సిబ్బంది చాలక ఆస్పత్రిలో కాన్పులు ఆపేసి, అందరినీ జిల్లా ఆస్పత్రికి పొమ్మన్నారు. ఆ దారంతా రాళ్ల లారీలే. ఒక లారీ తిరగబడితే పూట గడిచినా దారి ఇవ్వదు. ఇద్దరు ఆడవాళ్లు ఆ దారిలోనే ఆటోల్లో కన్నారు. ఒక బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి ఎస్తేరమ్మకు ఒకటే పట్టుదల, బట్టీలపాలెం కాన్పులు బట్టీలపాలెంలోనే జరగాలి. ఈ కథంతా ఆ పట్టుదల గురించే. మధ్యలో గోడ అడ్డం వచ్చింది.

మార్చి నెలలో భవనాల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ముక్తేశ్వరరావు జీపు దిగాడు. చేతిలో ఒక తుపాకీ, కరోనా రోజుల్లో మన నుదుళ్లకు గురిపెట్టిన రకం. దాన్ని గోడ మీదికి పేలుస్తూ ఆస్పత్రి చుట్టూ తిరిగి వచ్చాడు. ఎస్తేరమ్మ వెనకాలే నడిచింది.

"సిస్టర్, మీ భవనానికి కిటికీలు ఎక్కువ," అన్నాడు.

"గాలి రావాలి గదండీ."

"గాలి గురించి ఉత్తర్వులో ప్రస్తావన లేదు. బయటి గోడ మొత్తం వైశాల్యంలో కిటికీలు నాలుగో వంతు మించరాదు. మీవి సగం దాకా ఉన్నాయి. దీన్ని మేం సామర్థ్య లోపం అంటాం."

"అట్టయితే కిటికీలకి తడికెలు కట్టిద్దామండీ. డాబా మీద రెండు పూతలు సున్నం కొట్టిద్దాం. ఊరంతా సున్నమే గదా. లారీకెత్తేటప్పుడు కింద పడింది ఊడ్చుకొచ్చినా సరిపోద్ది."

ముక్తేశ్వరరావు జాలిగా చూశాడు. "తడికె తాత్కాలిక నిర్మాణం కిందికి వస్తుంది. సున్నం మెయింటెనెన్స్ పద్దు. నాకు శాంక్షనైంది నూతన గోడల పద్దు."

"పోనీ, నాలుగు కిటికీలు ఇటికలు పెట్టి మూసెయ్యండి."

"కిటికీ మీ ఆరోగ్య శాఖ ఆస్తి. ఆ ఆస్తి పనికిరాకుండా పోయిందని కమిటీ తేల్చాలి. కమిటీలో మెంబర్లను ఇంకా వెయ్యలేదు. కిటికీల్ని నేను ముట్టుకోను."

"మరేం జేస్తారు?"

"గోడ పెంచుతాం."

ఎస్తేరమ్మకు వెంటనే బోధపడలేదు. ముక్తేశ్వరరావు పుల్ల తీసుకుని నేల మీద గీసి చూపించాడు. కిటికీలు తగ్గవు, సరే. గోడ ఎక్కువైతే ఆ లెక్కలో కిటికీలు వాటంతట అవే తక్కువవుతాయి. నిష్పత్తి సరిపోతుంది. ఆస్పత్రికి నాలుగు వైపులా గోడ ఉండనే ఉంది కాబట్టి, కొత్త గోడ ముందు ఆవరణలో వస్తుంది.

"ఆవరణలో ఊరికే గోడా? దానెనక గది ఉండదా?"

"గదులకు వేరే పద్దు."

"ఆస్పత్రికి అంటుకోకుండా నిలబడిన గోడ ఆస్పత్రి గోడ ఎట్టయిద్దండీ?"

"ఆస్పత్రి స్థలంలో, ఆస్పత్రి పేరున, ఆస్పత్రి కోసం కట్టిన గోడ ఆస్పత్రి గోడే. అంటుకోవాలని ఎక్కడా రాసి లేదు."

ఎస్తేరమ్మ కాసేపు ఆ గీతల వంక చూసింది. "దీంతో మూడు చుక్కలు వస్తయ్యా?"

"నాదీ పూచీ."

"కాన్పులు ఈడే ఉంటయ్యా?"

"గోడ లేచిందంటే మీ కాన్పుల జోలికి ఎవరూ రారు."

"అయితే కట్టండి," అంది ఎస్తేరమ్మ.

ఊళ్లో తర్వాత చాలామంది ఆమెను తిట్టారు. తిట్టినవాళ్లలో ఒక్కడు కూడా ఆ రోజు ఆమె పక్కన నిలబడి అడ్డం చెప్పలేదు.

గోడ లేచింది. మామూలు గోడ అనుకునేరు. అటొక వరస ఇటుక, ఇటొక వరస ఇటుక, నడుమ కొత్త టీవీ డబ్బాలో వచ్చే రకం తెల్ల అట్టలు, పైన కళ్లు చెదిరే తెల్లటి పూత. ఆవరణలో ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఆస్పత్రి డాబా కంటే ఎత్తు. కన్నం లేదు, గూడు లేదు, తలుపు లేదు. గేటులోంచి వచ్చినవాళ్లు కొస దాకా నడిచి చుట్టు తిరిగి ఆస్పత్రిలోకి పోవాలి.

పూత ఆరకముందే వేపచెట్లు కొట్టేశారు. రంపం చప్పుడు విని ఎస్తేరమ్మ ఉరికొచ్చింది.

"చెట్లేం జేసినయ్యండీ?"

"నీడ పడుతోంది సిస్టర్," అన్నాడు ముక్తేశ్వరరావు. "నీడలో గోడ చల్లబడుతుంది. ఆ చల్లదనం గోడదా, చెట్టుదా అని మండలి అడుగుతుంది. చెట్టు చేసిన పనిని గోడ ఖాతాలో వేసుకోవడం అక్రమం. నా సర్వీసులో అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు."

నిజాయితీ గల అధికారి. చెట్లు రెండూ మధ్యాహ్నానికి నేలకూలాయి.

ఇక సంగతి ఏమిటంటే, సాయంత్రం పూట ఊళ్లోకి వచ్చే కాస్త గాలీ ఆ గోడకు కొట్టుకుని నిలిచిపోయింది. చెట్ల నీడ పోయింది. కిటికీల్లోంచి చూస్తే తెల్ల గోడ, దాని మీద పడి వెనక్కి కొట్టే వెలుతురు. వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అదే వేడిని తిప్పి తిప్పి పంచుతున్నాయి. కొత్త గోడతో కలిపి ఆస్పత్రికి రెండు నక్షత్రాలు వచ్చాయి.

ఆ రోజుల్లో వార్డులో నాగూర్‌బీ అనే పిల్ల ఉంది. తొలిచూలు. మొగుడు మౌలాలి, గుట్టలో సమ్మెట కొడతాడు. పిల్లకు రక్తపోటు ఎక్కువ ఉండడంతో, కాన్పు దాకా కళ్ల ముందే ఉంచుకోవాలని ఎస్తేరమ్మ ముందుగానే చేర్చుకుంది. కాళ్లు పొంగి, తల దిమ్ముతో ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకునేది. తల్లి కాశింబీ తడిగుడ్డతో తుడుస్తూ కూర్చునేది.

"ఏందమ్మా ఎస్తేరమ్మా," అంది కాశింబీ ఒక పూట. "బట్టీలో పన్జేసి ఇంత చల్లగా ఉంటదని ఈడికొస్తే, ఈడా బట్టీయే. ఆడైతే కూలన్నా ఇస్తారు."

"ఇంకొక్క చుక్క, కాశింబీ. ఇంకొక్కటి వస్తే చాలు."

"చుక్కలు నాక్కూడా కనబడతన్నయ్‌లే, నిలబడితే."

మర్నాడు కాశింబీ ఎవర్నీ అడగకుండా చాప చంకన పెట్టుకుని, కూతుర్ని నడిపించుకుంటూ బయటికి వచ్చి గోడ నీడన పడుకోబెట్టింది. నీడ నీడే కదా. అది చూసి జ్వరం మనిషి వచ్చాడు, కాలు విరిగిన మనిషి వచ్చాడు, సెలైన్ సీసా పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. రెండు రోజుల్లో వార్డు ఖాళీ. అందరూ గోడ వారన వరసగా ఉన్నారు.

సరిగ్గా అప్పుడే మూడో నక్షత్రం కోసం మండలి నుంచి డిప్యూటీ డైరెక్టర్ చిత్తరంజన్ వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, మెడలో గుర్తింపు కార్డు, మాటకు ముందు ఒక గుక్క నీళ్లు.

"మూడో నక్షత్రానికి ప్రమాణం వేరు," అన్నాడు. "గోడకు లోపలి వైపు, బయటి వైపు ఉష్ణోగ్రతల్లో వ్యత్యాసం చూపాలి. ఈ గోడకు లోపలి వైపు ఏది?"

ముక్తేశ్వరరావు గోడకు అటు చూశాడు, ఇటు చూశాడు. రెండు వైపులా ఆకాశమే.

"రెండూ బయటే సార్."

"లోపల లేని గోడకు నక్షత్రం ఇవ్వడానికి నాకు అధికారం లేదు. ఇది గోడే కాదని కూడా రాయాల్సి రావొచ్చు."

అక్కడే ఉన్న సూపరింటెండెంటు డాక్టర్ ఫణికుమార్ ముఖం తుడుచుకున్నాడు. బదిలీ దగ్గర్లో ఉంది, మచ్చ పడకుండా బయటపడాలని ఆయన తాపత్రయం. ఎస్తేరమ్మ మనసులో లెక్క వేసుకుంది. చెట్లు పోయాయి, గాలి పోయింది, ఇప్పుడు కాన్పులు కూడా పోతాయా.

చిత్తరంజన్ నీడలో ఉన్న మనుషుల్ని చూశాడు. "వీళ్లెవరు?"

"మా రోగులు సార్," అన్నాడు ఫణికుమార్.

"వీళ్లు రోజూ ఇక్కడే ఉంటారా?"

ఫణికుమార్ తడబడ్డాడు. ఎస్తేరమ్మ అందుకుంది. "ఈడే ఉంటారండీ. ఈడే తింటారు, ఈడే మందులేసుకుంటారు."

చిత్తరంజన్ ఒక గుక్క నీళ్లు తాగి, జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి ఒక పేజీ దగ్గర ఆగాడు. "ఆస్పత్రుల విషయంలో, రోగులు నివసించు పార్శ్వమే లోపలి పార్శ్వముగా పరిగణింపబడును. చాలా స్పష్టంగా ఉంది. రోగులు ఇక్కడున్నారు కాబట్టి ఇదే లోపల."

"లోపలా?" అంది కాశింబీ, తలెత్తి ఆకాశం వంక చూస్తూ.

తుపాకీ ఎండ వైపు పేలింది. తుపాకీ నీడ వైపు పేలింది. చిత్తరంజన్ కళ్లద్దాలు తీసి మరీ అంకెలు చూసుకున్నాడు. ఎండలో నిలబడిన గోడకు ఎండ పక్కకూ నీడ పక్కకూ ఎంత తేడా ఉంటుందో మీకూ తెలుసు, మేకలకూ తెలుసు. మండలికి తెలియదు. దాని సొంత ఆఫీసుతో సహా రాష్ట్రంలో ఏ భవనానికీ అంత తేడా రాలేదు.

"విద్యుత్ వినియోగం?"

"సున్నా సార్," అన్నాడు ముక్తేశ్వరరావు. "ఇక్కడ ఫ్యాను తగిలించడానికి చోటే లేదు."

మూడు అడిగిన చోట ఐదు నక్షత్రాలు వచ్చాయి. చిత్తరంజన్ గోడను చేత్తో నిమిరి, ఎద్దును మెచ్చుకున్నట్టు రెండు సార్లు తట్టి వెళ్లాడు.

అయితే సూర్యుడు మండలి ఉద్యోగి కాడు. పొద్దున పూట నీడ గోడకు పడమర వైపు, అంటే ఆస్పత్రి వైపు ఉంటుంది. పొద్దు తిరిగాక తూర్పు వైపు, అంటే గేటు వైపు పోతుంది. దానికి ఒక ఉత్తర్వు వచ్చింది. పూర్వాహ్నంలో ఆస్పత్రి అంతర్భాగం పడమర. అపరాహ్నంలో అంతర్భాగం తూర్పు. అంతర్భాగ బదిలీకి గంట కొట్టాలి. మధ్యాహ్నం నడినెత్తిన ఎండ ఉన్న కాసేపూ నీడ ఎటూ పడదు కాబట్టి, ఆ వేళలో ఆస్పత్రికి అంతర్భాగం ఉండదు. ఆ వ్యవధిలో రోగులు డిశ్చార్జి అయి, మళ్లీ చేరినట్టుగా భావించాలి.

గంట కొట్టగానే మంచాలు, చాపలు, సెలైన్ స్టాండ్లు, కాలు విరిగినవాడు, అందరూ గోడ చుట్టూ ప్రదక్షిణం. నాగూర్‌బీని ఒక పక్క తల్లి, ఒక పక్క ఎస్తేరమ్మ పట్టుకుని నడిపించేవాళ్లు.

"డిశ్చార్జి అయ్యామా అమ్మా?" అని అడిగేది కాశింబీ రోజూ.

"అయ్యారు. ఇప్పుడే మళ్లీ చేరుతున్నారు. నడు."

ఇది ఇంతటితో ఆగినా సర్దుకుపోయేవాళ్లమేమో. అలవాటు మాకు తక్కువేమీ కాదు. కానీ ముక్తేశ్వరరావు లెక్కలు వేయడం మానలేదు. గోడకు ఐదు నక్షత్రాలు, వెనకున్న భవనానికి సున్నా. రెండూ కలిపి సగటు తీస్తే రెండున్నర. ఆ భవనం గోడ పరువు తీస్తోంది.

డాక్టర్ గదిలో సమావేశం పెట్టారు. అదే ఆ గదిలో ఆఖరి సమావేశం.

"భవనం వాడకంలో లేదని చూపిస్తే లెక్కలోకి రాదు," అన్నాడు ముక్తేశ్వరరావు. "తాళం వేసి కరెంటు కట్ చేస్తే సరి. రోగులు ఎలాగూ గోడ దగ్గరే ఉన్నారు. ఇక నుంచి గోడే ఆస్పత్రి."

"కాన్పుల గదో?" అంది ఎస్తేరమ్మ.

"అదీ భవనంలో భాగమే."

"గోడ పక్కన కాన్పులు ఎట్టా జెయ్యమంటారండీ? పైన కప్పేది?"

"కప్పు ఈ పథకం పరిధిలోకి రాదు సిస్టర్. ఇది గోడల పథకం."

ఆమె డాక్టర్ వంక చూసింది. డాక్టర్ ఫణికుమార్ బల్ల మీద ఉన్న పెన్ను సర్దాడు. "వచ్చే వారం అవార్డు ఫంక్షను సిస్టర్. ఉత్తమ గోడ అవార్డు మనకే. మండలి ఛైర్మన్ గారే వస్తున్నారు. ఆ ఒక్క రోజు గడవనివ్వండి. అవార్డు వచ్చిన ఆస్పత్రిని ఎవరూ కదిలించలేరు. మీ కాన్పులు ఊళ్లోనే ఉంటాయి. మీక్కావలసింది అదే కదా."

ఆమెకు కావలసింది అదే. అందుకే నోరు మూసుకుంది. కాన్పుల గదికి తాళం పడింది. నిలువెత్తు కిటికీలన్నీ మూసి గడియలు పెట్టారు. ఆ వారంలో ఒక కాన్పు గోడ వారన, నాలుగు దుప్పట్లు తాడుకు కట్టి, తెల్లారేలోపే జరిపించింది ఎస్తేరమ్మ. బిడ్డ క్షేమం. కానీ ఆ తల్లి రెండో రోజు గంట మోగినప్పుడు లేచి నడవలేక కళ్లు తిరిగి పడిపోయింది. నాగూర్‌బీకి నెలలు నిండాయి.

ఫంక్షను మధ్యాహ్నానికి పెట్టారు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే గోడ ప్రతిభ లోకానికి తెలుస్తుందని మండలి ఉద్దేశం. షామియానా వేద్దామని మా పంచాయతీ వాళ్లు అంటే ముక్తేశ్వరరావు ఒప్పుకోలేదు. షామియానా నీడ గోడ మీద పడుతుంది. ఆయన నిజాయితీ సంగతి ముందే చెప్పాను. చప్పట్లు కొట్టడానికి గుట్టలోంచి జనాన్ని లారీల్లో తోలుకొచ్చారు. ఉన్నపళంగా ఎక్కించడంతో సగం మంది భుజాన సమ్మెటలతోనే దిగారు. వాళ్లలో మౌలాలి ఉన్నాడు.

ఛైర్మన్‌ని గోడకు గేటు వైపు బల్ల మీద కూర్చోబెట్టారు. అవతల, ఆస్పత్రి వైపు, డిశ్చార్జి అయినట్టుగా భావించబడిన రోగులు ఎండలో కొంగులు కప్పుకుని కూర్చున్నారు. ఆ వేళకు ఆస్పత్రికి అంతర్భాగం లేదు. ఆ వేళకే నాగూర్‌బీకి నొప్పులు మొదలయ్యాయి.

ఎస్తేరమ్మ గోడ చుట్టు తిరిగి బల్ల దగ్గరికి వచ్చి, డాక్టర్ ఫణికుమార్ చెవిలో చెప్పింది. "సార్, కాన్పుల గది తాళంచెవి."

"ఇప్పుడా?"

"నొప్పులొస్తున్నయ్. బీపీ బాగా పెరిగింది. కళ్లు మసకలంటంది."

డాక్టర్ ముక్తేశ్వరరావు వంక చూశాడు. ముక్తేశ్వరరావు గొంతు తగ్గించాడు. "ఛైర్మన్ గారు ఇక్కడుండగా తాళం తీస్తే భవనం వాడకంలోకి వచ్చినట్టు లెక్క. సగటు పడిపోతుంది. అరగంట ఆగమనండి. తూర్పు అంతర్భాగం మొదలవుతుంది."

"నొప్పులకి ఆ సంగతి తెలవదండీ."

"పోనీ జిల్లా ఆస్పత్రికి పంపించండి. ఫంక్షను జీపు ఉంది."

ఎస్తేరమ్మ చేతులు జోడించలేదు. జనంలోకి నడిచింది.

"మౌలాలీ. రా. నీ సమ్మెట తెచ్చుకో."

తాళం ఒక్క దెబ్బకు పోయింది. గదిలోకి అడుగు పెడితే పొయ్యిలో తల పెట్టినట్టుంది. వారం నుంచి మూసిన గది. ఎస్తేరమ్మ, కాశింబీ కలిసి కిటికీలన్నీ తెరిచారు. బల్ల కడిగారు, పిల్లను పడుకోబెట్టారు. డాక్టర్ ఫణికుమార్ కాసేపు గుమ్మం దగ్గర నిలబడి, బయట ఛైర్మన్ గొంతు విని, మళ్లీ గది లోపలికి చూసి, చివరికి కోటు విప్పి చేతులు కడుక్కున్నాడు. అంతవరకు ఆయన్ను మెచ్చుకోవాల్సిందే. ఇంజెక్షన్ ఇచ్చాడు. అయినా పిల్ల ఊపిరి అందక తన్నుకుంటోంది. కిటికీలు తెరిచీ లాభం లేదు. ఆకు కదిలేంత గాలి లేదు. ఎదురుగా గోడ.

బయటి నుంచి మైకులో ఛైర్మన్ ప్రసంగం. "గోడ అంటే కేవలం గోడ కాదు. గోడ ఒక చర్మం. భవనం శ్వాసించాలి. మన గోడలు శ్వాసించే గోడలు కావాలని నేను కలలు కంటూ ఉంటాను."

ఎస్తేరమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. మౌలాలి ఎండలో నిలబడి, గదిలోంచి వచ్చే మూలుగు వింటూ, ఏం చెయ్యాలో తోచక సమ్మెట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"గాలి కావాలి మౌలాలీ," అంది ఆమె. "గోడ తియ్యి."

"మొత్తమా అమ్మా?"

"మాకెంత కావాల్నో అంత."

మౌలాలి పొద్దస్తమానం గుట్టను కొట్టే మనిషి. ఐదు నక్షత్రాల గోడ అతనికి లెక్క కాదు. మూడో దెబ్బకు పూత రాలింది. ఆ తర్వాత ఇటుకలు దొర్లాయి. నడుమ తెల్ల అట్టలు తుంపులు తుంపులై ఎగిరి, ఛైర్మన్ తల మీద, ముక్తేశ్వరరావు భుజాల మీద, శాలువాల పళ్లెంలో పడ్డాయి. చప్పట్లు కొట్టడానికి తెచ్చిన జనంలోంచి ఇంకో నలుగురు సమ్మెటలు పట్టుకుని వచ్చారు. ఛైర్మన్ ఇది కార్యక్రమంలో భాగమేమో అనుకుని కాసేపు చదువుతూనే ఉన్నారు. మనిషి పట్టేంత కన్నం పడి, అందులోంచి మౌలాలి చెమట కారే మొహం ఆయన మొహానికి జానెడు దూరంలో కనిపించినప్పుడు ఆపేశారు.

గాలి వచ్చింది. బ్రహ్మాండమైన గాలేమీ కాదు, మా ఊరి గాలి, సున్నం వాసనతో. కాన్పుల గది కిటికీకి ఎదురుగా తగిలింది. ఇంకో గంటకు నాగూర్‌బీ ఆడపిల్లను కన్నది. తల్లికి అర్ధరాత్రి దాకా గండం గడవలేదు. తర్వాత గడిచింది.

మర్నాడే కాగితాలు మొదలయ్యాయి. లెక్కలో లేని భవనంలో, లెక్కలో లేని వేళలో కాన్పు జరిపినందుకు ఎస్తేరమ్మకు ఛార్జి మెమో. డాక్టర్ ఫణికుమార్ దీర్ఘకాలిక సెలవు మీద వెళ్లిపోతూ ఆస్పత్రి బాధ్యత ఎవరికైనా అప్పగించాలి కాబట్టి, అప్పగించడానికి ఇంకెవరూ లేరు కాబట్టి, ఎస్తేరమ్మకే అప్పగించి పోయాడు. కరెంటు మాత్రం రాలేదు. తల్లీబిడ్డలు కాన్పుల గదిలోనే ఉన్నారు. కాశింబీ విసనకర్రతో ఇద్దరికీ విసురుతూ, చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకుంటోంది.

మూడో రోజు ముక్తేశ్వరరావు ఒంటరిగా వచ్చాడు. జీపు గేటు బయటే వదిలి, టేపు పట్టుకుని, గోడకు పడ్డ కన్నం పొడవూ వెడల్పూ కొలిచాడు. తర్వాత ఆ కన్నంలోనే నిలబడి ఎస్తేరమ్మను పిలిచాడు. గొంతులో మునుపటి బిగువు లేదు.

"సిస్టర్, చిన్న చిక్కొచ్చింది. రేపు పొద్దున చిత్తరంజన్ గారు వస్తున్నారు. ఈ కన్నం ఏమిటో తేల్చాలి."

"కన్నం కన్నమేనండీ."

"అలా కుదరదు. నిబంధనల్లో కన్నం అనే వర్గం లేదు. ఇది కిటికీ అయితే గోడకు ఐదు నక్షత్రాలూ పోతాయి. ఛైర్మన్ గారే వచ్చి అవార్డు ప్రకటించిన గోడ. దానికి నక్షత్రాలు పోతే అవార్డు ఎందుకిచ్చారని అడుగుతారు. ఛైర్మన్ గారు నన్ను అడుగుతారు."

"కిటికీ కాకపోతే?"

"తలుపు అయితే ఏ ఇబ్బందీ లేదు. తలుపులు నిష్పత్తిలోకి రావు. మనుషులు వస్తూ పోతూ ఉంటే అది తలుపే. ఆస్పత్రి ఇన్‌చార్జి సంతకం ఉంటే చాలు."

"ఇన్‌చార్జి అంటే నేనే గదండీ."

"మీరే."

ఎస్తేరమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. లోపల బిడ్డ ఏడుస్తోంది. కాశింబీ విసనకర్ర చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"మరి తలుపంటే లోపలికి పోవడానికి ఉంటది," అంది ఎస్తేరమ్మ. "లోపలేదో ఉండాల గదండీ. ఆస్పత్రి తెరిచి ఉండాల. వార్డు తెరిచి ఉండాల. కాన్పుల గది తెరిచి ఉండాల. మూసేసిన ఆస్పత్రికి తలుపెందుకు?"

ముక్తేశ్వరరావు ఆలోచించాడు. తర్కంలో ఆయనకు లోపం కనిపించలేదు. "భవనం వాడకంలోకి వస్తే సగటు పడిపోతుంది," అన్నాడు నీరసంగా.

"పడితే రెండున్నర. అసలే పోతే సున్నా. మీరే గీసుకుని చూడండి, పుల్ల తెచ్చిమ్మంటారా?"

"అక్కర్లేదు. రెండున్నరను మూడుగా సవరించడానికి నాకు అధికారం ఉంది. సంతకం పెట్టండి."

"పెడతాను. ముందు కరెంటు."

"కరెంటు నా శాఖ కాదు సిస్టర్."

"అయితే ఇది నా తలుపూ కాదండీ. కరెంటు వస్తే తలుపు. రాకపోతే కిటికీ. రేపు మీ సారు వచ్చినప్పుడు ఆ అమ్మాయిని బిడ్డనెత్తుకుని ఇందులోంచి బయటికి చూస్తా కూర్చోమంటా."

ముక్తేశ్వరరావు ఫోను తీశాడు. కరెంటు శాఖలో ఎవరితోనో మొదట అధికారంగా మాట్లాడాడు, తర్వాత మామూలుగా మాట్లాడాడు, చివర్లో బతిమాలాడు. పొద్దు గోడ మీదుగా అవతలికి తిరిగింది. మౌలాలి భోజనం కారియర్ పట్టుకుని కన్నంలోంచి లోపలికి వచ్చాడు. దారిలో నిలబడ్డ ఇంజనీరును పక్కకు జరగమని అడిగాడు. ఆయన జరిగాడు.

కాసేపటికి కాన్పుల గదిలో ఫ్యాను గొణిగి, ఆగి, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. కాశింబీ విసనకర్ర కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో వేసుకుని, పైకి చూసింది.

"ఇప్పుడది తలుపేనా ఎస్తేరమ్మా?"

"సాయంత్రం దాకా తిరగనీ," అంది ఎస్తేరమ్మ. "చూసి చెప్తా."